సీతాపతి సారు వేసే గుడ్

యానాం
21-6-2009, ఆదివారం

మామయ్యకు, మీనాంబాళ్ అత్తకు గిరిజ నమస్కారాలు.

నేను బాగున్నాను. ఎండలు ఇంకా తగ్గలేదన్నది తప్పితే ఇక్కడ చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి గోదావరి గట్టు మీద కాసేపు కూర్చుంటే ఆ వేడి కూడా మరిచిపోతాను.

మీరు అడిగినట్టే ఈసారి మొత్తం తెలుగులో రాస్తున్నాను. ఏడాదిన్నర కిందట బదిలీ మీద వచ్చినప్పుడు బస్సు బోర్డు చదవడానికి కూడా పక్కవాళ్ళని బతిమాలేదాన్ని. పుదుచ్చేరిలో మన ఇళ్ళలో తెలుగు నోటికి వచ్చినంతగా చేతికి రాదు గదా. ఇంటి ఓనరు కౌముది గారు పాపం, ఒకటో తరగతి పిల్లకి నేర్పినట్టు నాకు పలక మీద దిద్దించారు. మనవాళ్ళందరిలో తెలుగు చదవగలిగేది మీరొక్కరే. అది కూడా మీరు వయసులో ఉండగా ఇక్కడ ఐదేళ్ళు ఉద్యోగం చేసిన పుణ్యమే. ఫోనులో మీకు సగం వినపడదు, వినపడిన సగం మీరు ఒప్పుకోరు. అందుకని ఉత్తరమే మేలు.

పుదుచ్చేరిలో, సారం పేటలో మా ఇంటి సంగతి మీకు తెలిసే ఉంటుంది. నాన్న సాంబారులో ఉప్పు రెండుసార్లు వేస్తున్నాడని ఆర్తి ఫిర్యాదు, వేసింది తిని చదువుకోమని గురు ఫిర్యాదు. ఇద్దరూ నాకే ఫోన్ చేస్తారు. ఆర్తికి ఈ ఏడు ప్లస్ టూ. మార్చి పరీక్షలలోపు నేను ఆ ఇంట్లో ఉండాలని ఎంత ఆశగా ఉందో చెప్పలేను.

ఒక ఆఫీసు సంగతి. మా పని మీద పై అధికారి ఏటేటా రహస్యంగా రాసే సి.ఆర్. ఉంది గదా, దాన్ని ఈ ఏటి నుంచి మాకే చూపించాలని ఉత్తర్వు వచ్చింది. శుక్రవారం నాది నా చేతిలో పెట్టారు. చివర్లో గుడ్ అని వేశారు మామయ్యా. చూసినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఏం చేయాలో మీరే చెప్పాలి.

అత్త మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో రాయండి.

మీ
గిరిజ


నెల్లితోపు, పుదుచ్చేరి
26-6-2009

చిరంజీవి గిరిజకు మామయ్య, అత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం గురువారం మధ్యాహ్నం అందింది. తప్పులు పదకొండు. ఎర్ర సిరాతో సున్నలు చుట్టి దీనితో పాటు పంపుతున్నాను, కోపం తెచ్చుకోకు. నలభై ఆరేళ్ళ వయసులో కొత్తగా అక్షరాలు నేర్చిన మనిషికి పదకొండు తప్పులంటే నిజానికి చాలా తక్కువ.

అసలు సంగతికి వస్తాను. నీకు గుడ్ రావడమా! ఉత్తరం చదువుతూ చదువుతూ ఆ ముక్క దగ్గర ఒక్క కేక పెట్టాను. మీ అత్త భయపడిపోయి, "ఏందయ్యా, యాడ ఏం జరిగింది?" అంది. చెప్పాను. "మన గిరిజకి గుడ్డా! నా వంటకి ముప్పై తొమ్మిదేండ్లలో ఒక దినం కూడా ఆ మాట అనలేదే ఈ మనిషి!" అని నన్ను ఒక దెప్పు దెప్పి, వంటింట్లోకి వెళ్ళి రవ్వ వేయించడం మొదలుపెట్టింది. సాయంత్రానికి మా వరసలో ఏడిళ్ళకి కేసరి వెళ్ళింది. ఎదురింటి పట్టమ్మాళ్ గిన్నె తిరిగిస్తూ, కలెక్టరు ఉద్యోగమా అని అడిగిందట.

ఏం చేయాలని అడిగావు. చేసేదేముంది, ఆఫీసరు దగ్గరికి వెళ్ళి మర్యాదగా ఒక నమస్కారం పెట్టి రా. అది ఊరికే వచ్చే మాట కాదు. నేను పదహారేళ్ళు సూపరింటెండెంటుగా ఉన్నాను. నా చేతి కింద ఎంతమంది వచ్చారో, ఎంతమంది పోయారో. పని ఎగ్గొట్టేవాడికి యావరేజ్ వేశాను, చెప్పింది చేసేవాడికి ఫెయిర్ వేశాను. చెప్పకుండానే పని తెలిసి చేసేవాడికి మాత్రం గుడ్ వేశాను. ఆ పైన ఒక్క ముక్క కూడా ఎవరికీ రాయలేదు. రాయవలసిన అవసరం రాలేదు. భోజనం బాగుంది అంటే బాగున్నట్టే. చాలా చాలా బాగుంది అని ఎవరంటారు? రెండో వడ్డన మీద కన్ను పడినవాడు అంటాడు. మంచి మాటకి ముందు ఇంకో మాట తగిలించడం నాకు మొదటి నుంచీ గిట్టదు.

ఈ ఉదయం ధనపాల్‌తో కూడా చెప్పాను. నీకు గుర్తుండే ఉంటాడు, నా సెక్షనులో పదహారేళ్ళూ నాతో ఉన్న అసిస్టెంటు. రిటైరయినా మా ఇద్దరికీ పొద్దున్నే వైట్ టౌన్ బీచ్ రోడ్డు మీద కలిసి నడవకపోతే ఆ రోజు మొదలైనట్టుండదు. "పాప గట్టిది సార్" అని ఊరుకున్నాడు. మాటలు ఖర్చు పెట్టని మనిషి.

నీకు అంత మాట వేసిన ఆ ఆఫీసరు ఎవరమ్మా? పేరు రాయి.

ఇట్లు
నీ మామయ్య
సీతాపతి


యానాం
30-6-2009

మామయ్యకు నమస్కారాలు.

ముందు ఆ కేసరి ఏయే ఇళ్ళకి వెళ్ళిందో కనుక్కొని, వీలైతే వెనక్కి తెప్పించమని అత్తతో చెప్పండి. నవ్వాలో ఏడవాలో తెలియక మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తప్పు నాదే, సంగతి పూర్తిగా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను, నిదానంగా చదవండి.

పుదుచ్చేరిలో ఒక సూపరింటెండెంటు పోస్టు ఖాళీ అయింది. సీనియారిటీలో మొదటి పేరు నాది. ఆ పోస్టు వస్తే నేను ఇంటికి వస్తాను. రాకపోతే ఇంకో మూడేళ్ళు ఇక్కడే. ఆగస్టు చివర్లో ప్రమోషన్ల కమిటీ కూర్చుంటుంది. ఆ కమిటీవాళ్ళు సి.ఆర్.లో వెరీ గుడ్ ఉందా లేదా అని మాత్రమే చూస్తారు. వెరీ గుడ్ ఉన్నవాళ్ళ కాగితం ఒక పక్క పెడతారు, గుడ్ ఉన్నవాళ్ళ కాగితం ఇంకో పక్క పెడతారు. ఆ రెండో పక్క కట్టని మళ్ళీ ఎవరూ విప్పరు. ఇదీ మీ గుడ్ సంగతి.

ఇంకా అర్థం కాకపోతే, పెళ్ళిచూపులకి వెళ్ళి వచ్చినవాళ్ళు "అమ్మాయి మంచిదే" అన్నారంటే ఆ సంబంధం ఏమైందో అత్తని అడగండి. ఇప్పటి ఆఫీసుల్లో గుడ్‌ని అలాగే వాడుతున్నారు. మా పక్క సెక్షనులో ముని గారని ఒకాయన ఉన్నారు. మధ్యాహ్నం భోంచేసి బల్ల మీద తల వాలిస్తే కాఫీ వేళకి లేస్తారు. వాళ్ళ ఆఫీసరు ఆయనకి వెరీ గుడ్ వేశారు. ఆయన మంచివాడే, నాకు కోపం లేదు. కానీ నాకు రావలసింది రాలేదన్న బాధ మాత్రం ఉంది మామయ్యా. చాలా ఉంది.

విన్నపం రాసుకోవడానికి పదిహేను రోజులు గడువిచ్చారు. మీ జవాబు చూసుకుని, ఇక మీ సలహాతో లాభం లేదనుకుని నిన్ననే రాసి ఇచ్చేశాను. అది మా ఆఫీసరుకి పై అధికారి దగ్గరికి వెళుతుంది. ఆయన మళ్ళీ మా ఆఫీసరునే అభిప్రాయం అడుగుతారు. ఈయన మారుస్తానంటే మారుతుంది, మార్చనంటే అంతే.

ఆఫీసరు పేరు అడిగారు. సుధాకరన్ గారు. నేను ధైర్యం చేసి ఎందుకలా వేశారని అడిగితే ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు. "మేడం, ఆరేండ్లుగా సి.ఆర్.లు రాస్తుండా. గుడ్ అని వేసింది మీకొక్కరికే. ఆ మాట విలువ నాకు మా సారు నేర్పించినారు" అన్నారు. ఆ సారు ఎవరని అడిగాను. ఊహించండి. ఇరవై మూడేళ్ళ కిందట సుధాకరన్ గారు కొత్తగా ఉద్యోగంలో చేరి ఒక ఏడాది పనిచేసింది మీ సెక్షనులో!

మీ మేనకోడలినని నేను చెప్పలేదు, చెప్పను కూడా. మీరు నా తరఫున ఆయనకి ఒక్క ముక్క కూడా రాయకూడదు. నాకు రావలసింది నా పనికే రావాలి.

మీ
గిరిజ


నెల్లితోపు
5-7-2009

చి. గిరిజకు ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి వినిపించాక మీ అత్త రెండు రోజులుగా నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. ఏడిళ్ళలో తన పరువు పోయిందట. నేను చేసిన తప్పేమిటో నాకు ఇంకా తెలియడం లేదు.

సుధాకరన్! సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, చొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకునేవాడు. ఏడాది తిరక్కుండానే పోటీ పరీక్ష రాసి పైకి వెళ్ళిపోయాడు. వాడికి నేను చెప్పిన మాట ఇన్నేళ్ళు పట్టుకుని ఉన్నాడంటే, నిజం చెప్పొద్దూ, ఛాతీ ఉప్పొంగింది. ఈ రోజుల్లో ఎవరు ఎవరి మాట పట్టుకుంటున్నారు?

ఒక్క ముక్క కూడా రాయకూడదని అంత గట్టిగా రాశావంటే రాయమనే కదా నీ ఉద్దేశం? మీ అత్త అలాగే అంటోంది. కానీ అమ్మా, సిఫార్సు ఉత్తరం నేను నా సొంత కొడుకు కోసం కూడా రాయలేదు. వాడు నా మీద ఇప్పటికీ అలిగే ఉన్నాడు. నీ కోసం రాస్తే వాడి ముఖం ఎలా చూడను? ఇంకొకటి. సుధాకరన్ వేసింది తప్పు కాదు. అందరూ నోటికొచ్చినట్టు వెరీ గుడ్‌లు పంచి ఆ మాటని అటుకుల్లా చేశారు. దానికి వాడేం చేస్తాడు? కమిటీవాళ్ళు మాటలు కాదు, పని చూడాలి. మా రోజుల్లో చూసేవాళ్ళు.

ఒక్క గుడ్‌కి యానాంలో ఎంత గోల జరుగుతోందో నిన్న నడకలో ధనపాల్‌కి సరదాగా చెప్పాను. పెళ్ళిచూపుల మాట చెప్పినప్పుడైనా నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గట్టు మీద కూర్చుండిపోయి, "కాలు లాగుతుండాది సార్, మీరు పోండి" అన్నాడు. ఈ రోజు నడకకి రానే లేదు. వయసు మీద పడుతోంది పాపం. మీ అత్త వాడే నొప్పుల నూనె ఒక సీసా పంపించాను.

మనసు పాడుచేసుకోకు. ఈ ఉత్తరంలో తప్పులు ఏడే. బాగు పడుతున్నావు.

నీ మామయ్య
సీతాపతి


యానాం
10-7-2009

మామయ్యకు,

రాయకూడదు అంటే రాయకూడదనే. అత్తకి చెప్పండి, నాకు మెలిక మాటలు రావని. తెలుగులో అసలే రావు.

మీ ఉత్తరంలో నా సంగతి కన్నా ధనపాల్ గారి సంగతి నన్ను ఎక్కువ పట్టుకుంది. ఆయనకి నూనె పంపారా? మామయ్యా, మీరు పెద్దవారు, ఇలా అడుగుతున్నందుకు క్షమించండి. పదహారేళ్ళు ఆయన సి.ఆర్. రాసింది మీరే కదా? ఏమని రాశారు?

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నోటు రాయడం ఎలాగో నాకు నేర్పింది ఆయనే. మీ ఇంటికి వచ్చినప్పుడు కూర్చోబెట్టి చెప్పేవారు. ఆయన చేతి ఫైలు అయితే సంతకం పెట్టే ముందు చదవక్కర్లేదని మీరే చాలాసార్లు అన్నారు. అలాంటి మనిషి అసిస్టెంటుగానే రిటైరయ్యారు. ఆయన తరవాత చేరినవాళ్ళు ముగ్గురు సూపరింటెండెంట్లయ్యారు. ఎందుకయిందని మీరు ఎప్పుడైనా ఆలోచించారా? అప్పట్లో సి.ఆర్. ఎవరికీ చూపించేవారు కాదు. నాకైతే పదిహేను రోజుల గడువిచ్చారు. ఆయనకి అది కూడా ఇవ్వలేదు.

నా మీద కోపం వస్తే రానివ్వండి. ఇది అడగకుండా ఉత్తరం ముగించలేకపోయాను.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. గోదావరి నీళ్ళు ఎర్రగా మారాయి. కౌముది గారు వేడి వేడి పెసరట్లు పంపించారు. ఆర్తికి మొదటి పరీక్షలో లెక్కల్లో తొంభై ఒకటి వచ్చిందట. ఫోనులో చెబుతుంటే పక్కనుండి గురు ఉప్పు సరిపోయిందా అని అడుగుతున్నాడు.

మీ
గిరిజ


నెల్లితోపు
19-7-2009, ఆదివారం

చి. గిరిజకు,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. మొదటి రోజు కోపం వచ్చింది. మీ అత్తకి చదివి వినిపించలేదు. రెండో రోజు మళ్ళీ చదివాను. ఎర్ర సిరా పెన్ను పక్కన పెట్టుకున్నాను గాని ఒక్క సున్న కూడా చుట్టలేకపోయాను.

ధనపాల్‌కి పదహారేళ్ళూ గుడ్ వేశాను.

అంతకన్నా గొప్ప మాట నా దగ్గర లేదనుకున్నాను. అది రాసిన ప్రతి ఏడూ, ఈ మనిషికి నేను న్యాయం చేశానని తృప్తిగా సంతకం పెట్టాను. ప్రమోషన్ జాబితాలో అతని పేరు రానప్పుడు, పైవాళ్ళకి పని విలువ తెలియదని అతని ముందరే తిట్టాను కూడా. నా ముందర కూర్చుని ఆ తిట్లు విన్నాడు.

శుక్రవారం నడకకి వచ్చాడు. గాంధీ విగ్రహం దాటాం. నేనే అడిగాను.

"ధనపాల్, నీ సి.ఆర్.లో నేను ఏం రాసేవాడినో నీకు తెలుసా?"

"తెలుసు సార్. తొంబైలోనే తెలుసు. టైపిస్టు కన్నియమ్మాళ్ చెప్పింది."

"దాని వల్లే ఆగిపోయిందని?"

"అదీ తెలుసు."

"పంతొమ్మిదేళ్ళా! మరి నాతో ఒక్క మాట అనలేదే?"

అతను నడక ఆపలేదు. "ఏమని చెప్పేది సార్? మీరు ఎవురికీ ఈయంది నాకు ఇచ్చినారు. అది చాలదు, ఇంకా కావాలని అడిగేదా? అడిగుంటే మీరు మార్చుంటారు. మార్చినంక అది మీ మాట అయ్యుండదు" అన్నాడు. కొంచెం దూరం పోయాక, "నాకేం వ్యసనం లేదు సార్. ఇంట్లో మాత్రం కొంచెం కష్టంగా ఉండింది" అన్నాడు. వ్యసనం అంటే మనవాళ్ళ వాడుకలో దిగులేనని నీకు తెలుసు గదా. ఇంట్లో ఏం కష్టమో చెప్పలేదు. నేను అడగలేకపోయాను.

గిరిజా, నాకు చాలా సిగ్గుగా ఉంది. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. నేను నా మాటని కాపాడుకున్నాను. ఆ మాటని చదివేవాళ్ళు దాన్ని ఎలా చదువుతున్నారని ఒక్కసారి కూడా అడిగి తెలుసుకోలేదు. పక్క సూపరింటెండెంట్లు తమవాళ్ళకి వెరీ గుడ్‌లు వేస్తుంటే, వాళ్ళని చులకనగా చూశాను. వాళ్ళు తమవాళ్ళ ఇళ్ళ గురించి ఆలోచించారు. నేను నిఘంటువు గురించి ఆలోచించాను.

నువ్వు వద్దన్న పని ఒకటి చేశాను. నిన్న సుధాకరన్‌కి ఉత్తరం రాశాను. ఆగు, చింపేయకు, పూర్తిగా చదువు. అందులో నీ పేరు లేదు. నువ్వు నాకు ఏమవుతావో కూడా లేదు. ఇంగ్లీషులో రాశాను, తెలుగులో చెబితే ఇది:

"నువ్వు నా దగ్గర కొత్తగా చేరినప్పుడు నీకు ఒక పాఠం చెప్పాను. పని తెలిసినవాడికి గుడ్ చాలు, ఆ పైన రాసేదంతా పొగడ్త అన్నాను. ఆ పాఠం చెప్పినవాడిగా ఇప్పుడు నేనే చెబుతున్నాను, అది తప్పు. నా దగ్గర పనిచేసిన ధనపాల్ నీకు గుర్తుండాలి. అంత పనివాడిని నేను మళ్ళీ చూడలేదు. ఆ సంగతి రాయవలసిన చోట రాయకుండా నా మనసులో పెట్టుకున్నాను. అతను అసిస్టెంటుగానే ఇంటికి వెళ్ళాడు. నువ్వు కూడా ఎవరికైనా నా పాఠం ప్రకారం రాసి ఉంటే, దయచేసి వాళ్ళ పని మళ్ళీ ఒకసారి చూడు. చూసి, అది చదివేవాళ్ళకి అర్థమయ్యే మాటలో రాయి."

ఇది సిఫార్సు అయితే నన్ను తిట్టు. నాకు తెలిసినంత వరకు ఇది ఒప్పుకోలు.

సీతాపతి


యానాం
2-8-2009

మామయ్యకు, అత్తకు నమస్కారాలు.

మీ ఉత్తరం చేరిన రోజు మీ మీద కోపంతోనే ఆఫీసుకి వెళ్ళాను. మీరు నా పేరు రాయలేదని నమ్మాను. కానీ ఎలా రాసినా అది నా కోసమే అని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ కోపం మధ్యాహ్నం దాకా ఉంది.

మూడు గంటలకి సుధాకరన్ గారు లోపలికి పిలిచారు. బల్ల మీద మీ ఉత్తరం విప్పి ఉంది. "మేడం, మా సారు జాబు రాసినారు. ఇరవై మూడేండ్లలో ఇదే మొదలు" అన్నారు. చదివి వినిపించారు. సగంలో ఆగి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. అయిపోయాక, "ఈ ధనపాల్ గారు మీకు తెలుసా, మీదీ పుదుచ్చేరి గదా?" అని అడిగారు.

ఇక దాచడం బాగోదనిపించింది. "తెలుసు సార్. సీతాపతి గారు మా మామయ్య" అన్నాను.

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు మామయ్యా! "ఇంత దినం యాల చెప్పలేదు మేడం?"

"చెబితే వెరీ గుడ్ వేసేవారా సార్?"

"లేదు. సారు ఇంటి మనిషి గదా, ఇంకా గట్టిగా చూసి ఫెయిర్ వేసుంటా" అన్నారు. ఇద్దరం నవ్వాం. బయట ముని గారు కూడా లేచి చూశారు.

మర్నాడంతా ఆయన తలుపు వేసుకుని రాశారు. పై అధికారికి పంపే ముందు నాకు చూపించారు. పాత వరదల్లో తడిసి ముద్దలైన ఫైళ్ళని నేను వరండాలో ఆరబెట్టి విడదీసింది, వాటిలోంచి నూట ఎనభై మంది వితంతువుల పింఛను కాగితాలు బయటికి తీసి మంజూరు చేయించింది, అన్నీ తేదీలతో సహా రాశారు. ఇవన్నీ ఆయన చూస్తున్నారని నాకు తెలియనే తెలియదు. రెండు పేజీలు రాసి, చివర్లో వెరీ గుడ్ అని వేసి, "ఈ మాట రాసి అలవాటు లేదు మేడం" అన్నారు. పై అధికారి ఒప్పుకుని సంతకం పెట్టారు. కమిటీ ఈ నెల ఇరవై నాలుగున.

ఇంటికి వచ్చి కౌముది గారి ముందు కూర్చుని ఏడ్చాను. ప్రమోషన్ కోసం కాదు, అది వస్తుందో రాదో ఇంకా తెలియదు. ఆ రెండు పేజీల కోసం ఏడ్చాను. చేసిన పని ఇంకొకరు చూసి రాస్తే ఎంత బాగుంటుందో!

అందుకే అడుగుతున్నాను మామయ్యా. సుధాకరన్ గారికి రాసిన మాట ధనపాల్ గారికి చెప్పారా? యానాంలో మా ఇద్దరికీ తెలుసు. తెలియాల్సిన మనిషికి ఎవరు చెప్పాలి?

మీ
గిరిజ


నెల్లితోపు
6-9-2009, ఆదివారం

సూపరింటెండెంటు గిరిజ గారికి ఆశీస్సులు.

శుక్రవారం ఆర్డరు వెలువడిందట. నీ ఫోను వచ్చేలోపే సంగతి ఇక్కడికి చేరింది. గురు ఆఫీసు నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి, మీ అత్త చేతులు పట్టుకుని ఊపాడు. ఆర్తి వాళ్ళ నాన్నకి వంట నుంచి విడుదల అని పక్కింటి వాళ్ళకి చెప్పిందట. అక్టోబరు ఒకటికి చేరాలంటున్నారు. చాలా సంతోషం తల్లీ. చాలా చాలా సంతోషం. చూశావా, నేను కూడా నేర్చుకుంటున్నాను.

నువ్వు అడిగిన ప్రశ్నకి నెల రోజులుగా జవాబు రాయలేదు. చెప్పడానికి నాకు నెల పట్టింది. రోజూ నడకకి బయలుదేరేటప్పుడు ఈ రోజు చెప్పాలి అనుకునేవాడిని. గాంధీ విగ్రహం వచ్చేది, దాటిపోయేది, ఇంటికి వచ్చేవాడిని. నీ ఆర్డరు వచ్చిన మర్నాడు, నిన్న, చెప్పాను. ఇంగ్లీషులో కాదు, మన మాటలోనే చెప్పాను. "ధనపాల్, నీ మాదిరి పని చేసినవాణ్ణి నేను యాడా చూడలేదు. నువ్వు పైకి రాకపోయింది నా వల్ల. నేను సరిగ్గా రాయలేదు" అన్నాను.

అతను నడక ఆపాడు. తరవాత, "సార్, మా ఇంటికి వచ్చి మహాలక్ష్మి ముందర ఇంకోసారి చెప్తారా?" అని అడిగాడు.

ఇంట్లో కష్టమన్నది ఏమిటో అప్పుడు తెలిసింది. ఆయన భార్య మహాలక్ష్మమ్మకి ఏ సంగతీ తెలియదు. చిన్నవాళ్ళంతా పైకి పోతుంటే తన భర్త ఆఫీసులో సరిగ్గా పని చేయడం లేదేమో అని ఆమె పంతొమ్మిదేళ్ళు అనుకుంది. చుట్టాల ముందర తల దించుకుంది. ఆయన మీద అరిచింది కూడా.

నిన్న సాయంత్రం సారంలో వాళ్ళ ఇంటికి మీ అత్తని కూడా తీసుకుని వెళ్ళాను. మహాలక్ష్మమ్మ కుర్చీలు వేసింది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. పొద్దున చెప్పినదే, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పాను. ఆమె భర్త వైపు తిరిగింది.

"ఇన్నేండ్లు నాతో యాల చెప్పలేదు నువ్వు?"

ధనపాల్ తల దించుకుని, "చెప్పుంటే నువ్వు సారుని ఈ గడప తొక్కనిచ్చుంటావా?" అన్నాడు.

గిరిజా, అప్పుడు కూర్చున్నాను. ఆ మనిషి ప్రమోషన్ పోగొట్టుకుని, ఇంట్లో మాటపడి, నన్ను దాచుకున్నాడు.

మహాలక్ష్మమ్మ లోపలికి వెళ్ళింది. కోపమొచ్చి వెళ్ళిందనుకుని మీ అత్త లేవబోయింది. ఆమె కోడలిని, పక్కింటి సెంగమలాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. "అన్నా, వీళ్ళు వినలేదు. ఇంకోసారి చెప్పండి" అంది.

చెప్పాను. అంతలో కొడుకు ఆఫీసు నుంచి వచ్చి ఇంకా బండి దిగలేదు, వాడినీ లోపలికి పిలిచింది. "నాయన సంగతి సారు చెప్తుండారు, విను" అని వాడి భుజం పట్టుకుని నా ఎదుట నిలబెట్టింది. మూడోసారి కూడా చెప్పాను. ఈసారి ఎవరూ అడగకుండానే ఆయన చేసిన పనులన్నీ ఒక్కొక్కటిగా, నాకు గుర్తున్నంత వరకు, ఏ ఏడాదిలో ఏ ఫైలో సహా చెప్పాను. చెబుతూ ఉంటే ధనపాల్ లేచి, ఎవరి వైపూ చూడకుండా పెరట్లోకి వెళ్ళిపోయాడు. నేను ఆపలేదు, చివరిదాకా చెప్పాను.

నీ మామయ్య
సీతాపతి